హీరో కృష్ణ సరే... నిర్మాత కృష్ణ తెలుసా?

అరకు వెళ్లొచ్చిన ఎవరి ఫోన్ తీసుకున్నా మూడు రీల్స్ గ్యారంటీ. రైలు సొరంగంలోకి దూరేటప్పుడు ఒకటి, బొర్రా గుహల్లో ఒకటి, కాఫీ కప్పు పట్టుకుని మంచులో ఇంకొకటి. తప్పేం లేదు, నా ఫోన్‌లోనూ ఉన్నాయి. అయితే ఆ రీల్స్‌కి లొకేషన్ ట్యాగ్ పెట్టేటప్పుడు ఒక పేరు కనిపిస్తుంది చూడండి... అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అరకు, చింతపల్లి, లంబసింగి అన్నీ దాని కిందికే వచ్చాయి.

ఆ పేరు కనిపించినప్పుడల్లా నాకు ఇద్దరు గుర్తొస్తారు. మొదటివారు అల్లూరి, అది మామూలే. రెండోవారు గుంటూరు జిల్లా బుర్రిపాలెం నుంచి వచ్చిన ఘట్టమనేని కృష్ణ. మాది నర్సీపట్నం వైపు. మా నాన్న తరానికి అల్లూరి ముఖం ఎలా ఉంటుందంటే కృష్ణ ముఖమే చెబుతారు. స్కూలు పుస్తకంలో బొమ్మ తర్వాత సంగతి. మా ఇంట్లో ఈ సినిమా గురించి ఎంత మాట్లాడుకున్నా అందరూ హీరో గురించే. ఆ రిస్క్ ఎవరు తీసుకున్నారు, డబ్బు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు... ఈ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. నాకైతే కృష్ణ కెరీర్‌లో అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

మన జనరేషన్‌కి కృష్ణ అంటే మహేశ్‌బాబు నాన్నగారు. ఇంకాస్త తెలిసినవాళ్లకి సూపర్‌స్టార్. మూడొందల పైచిలుకు సినిమాలు, ఒక్క 1972లోనే 18 రిలీజులు. ఇవాళ ఓ హీరో రెండేళ్లకి ఒక సినిమా ఇస్తే పండగ చేసుకుంటున్నాం కదా, ఆ 18 అన్న అంకె ఒకసారి మళ్లీ చదువుకోండి. పొద్దున ఒక సెట్, మధ్యాహ్నం ఒక సెట్, రాత్రి ఇంకో సెట్. అలా మూడు షిఫ్టులు పనిచేసి సంపాదించిందంతా ఏం చేశారన్నదే మనం చూడాల్సింది. చాలా భాగం తిరిగి సినిమాల్లోనే పోశారు.

1965లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘తేనె మనసులు’తో హీరో అయ్యారు. మరుసటి ఏడాది ‘గూఢచారి 116’తో ఆంధ్రా జేమ్స్‌బాండ్ అనిపించుకున్నారు. 1970 వచ్చేసరికి తమ్ముళ్లు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలిసి పద్మాలయా బ్యానర్ పెట్టారు. తెర మీద నిర్మాతగా తమ్ముడి పేరే ఎక్కువగా పడేది. లెక్కలు, పంపిణీ వ్యవహారాలు వాళ్లు చూసుకునేవారు. ఏ కథ తీయాలి, ఎంత దూరం వెళ్లాలి అన్న తెగింపు మాత్రం అన్నగారిది. అందుకే ఆయన్ని నిర్మాత అంటున్నాను. పేరు ఎవరిది పడినా మునిగితే మునిగేది ఆ ఇల్లే.

మొదటి సినిమా ‘అగ్నిపరీక్ష’. పేరుకు తగ్గట్టే అయింది, ఆడలేదు. ఇంకొకరైతే రెండో సినిమా కాస్త సేఫ్‌గా, కుటుంబ కథ ఏదైనా చూసుకుంటారు. వీళ్లు గుర్రాలు, తుపాకులు, టోపీలతో ఒక కౌబాయ్ సినిమా తీస్తామన్నారు. అప్పటికి మన దేశంలోనే ఎవరూ అలాంటి పని చేయలేదు. ఆరుద్రతో తెలుగు కథ రాయించి, కె.ఎస్.ఆర్.దాస్‌ని డైరెక్టర్‌గా పెట్టి, యూనిట్‌ని రాజస్థాన్ ఎడారి దాకా తీసుకెళ్లారు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ దుమ్ము రేపింది. ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లిష్‌లోకీ వెళ్లింది. 2023 మే 31న, కృష్ణ జయంతి రోజు, 4కేలో రీరిలీజ్ చేస్తే మన వయసువాళ్లే వెళ్లి ఈలలు వేశారు. మీలో కొందరు ఆ హాల్లో ఉండే ఉంటారు.

ఆ తర్వాత హనుమంతరావు నిర్మించిన ‘పండంటి కాపురం’కు జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు వచ్చింది. 1973లో ఎన్టీఆర్‌తో కలిసి ‘దేవుడు చేసిన మనుషులు’, అదీ హిట్టే. అంటే చేతిలో డబ్బుంది, పేరుంది. సరిగ్గా అప్పుడే కృష్ణకి నూరో సినిమా దగ్గర పడింది.

అల్లూరి కథ మీద చాలామందికి కన్నుండేది. ఎన్టీఆర్‌కి ఎన్నో ఏళ్ల నుంచి ఆ పాత్ర చేయాలని ఉండేది. శోభన్‌బాబుతో తీయాలన్న ప్రయత్నమూ మొదలై ఆగిపోయింది. కృష్ణ అయితే 1968లో ‘అసాధ్యుడు’ సినిమాలో ఒక నాటకం సీన్ కోసం అల్లూరి వేషం వేశారు. ఆ కాసేపటి వేషం ఆయన్ని వదల్లేదు. ఆ సినిమా దర్శకుడు వి.రామచంద్రరావు. నూరో సినిమాగా అల్లూరి తీయాలనుకున్నప్పుడు దర్శకత్వం ఆయనకే అప్పగించారు. స్క్రిప్టు త్రిపురనేని మహారథి.

ఒక వ్యాపారిగా ఆలోచించండి. హీరో చివర్లో చనిపోతాడు. ఒంటి మీద కాషాయం, చేతిలో విల్లు, ముఖం నిండా గడ్డం. హీరోయిన్‌తో పార్కులో డ్యూయెట్ పెట్టే వీల్లేదు. కథ అందరికీ ముందే తెలుసు కాబట్టి సస్పెన్స్ కూడా లేదు. వద్దని చెప్పినవాళ్లు ఇండస్ట్రీలో ఉన్నారు, వాళ్ల మాటల్లో అన్యాయమూ లేదు. అప్పట్లో పెద్ద సినిమాల డబ్బు డిస్ట్రిబ్యూటర్ల అడ్వాన్సుల మీద నడిచేది. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలుగా ముందే మాట్లాడుకుని ఇంత అని తెచ్చుకోవాలి. కొనేవాడికి కథ మీద అనుమానం వస్తే ఆ భారమంతా నిర్మాత నెత్తినే.

దీనికి తోడు సినిమాస్కోప్! గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ 1959లోనే హిందీలో సినిమాస్కోప్‌లో వచ్చింది గానీ, పదిహేనేళ్లయినా తెలుగులో ఎవరూ సాహసించలేదు. కారణం ఉంది. ఆ లెన్స్ వెడల్పైన దృశ్యాన్ని నొక్కి మామూలు ఫిల్ములో ఇరికిస్తుంది. హాల్లో ప్రొజెక్టర్‌కి ఇంకో లెన్స్ పెట్టి దాన్ని మళ్లీ సాగదీయాలి, తెర కూడా వెడల్పుగా ఉండాలి. ఫోన్ అడ్డంగా తిప్పితే వచ్చే వైడ్‌స్క్రీన్ కాదిది. ఊరి టాకీసులో ఆ లెన్స్ లేకపోతే హీరో సన్నగా, పొడుగ్గా తాటిచెట్టులా కనిపిస్తాడు. ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్.స్వామి. కొండల్ని కొండల్లా చూపించాలంటే ఈ వెడల్పు కావాలని పట్టుబట్టారు కాబట్టే, కొండల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది.

చింతపల్లి ఘాటు ఎక్కిన యూనిట్

మద్రాసులో ఫ్లోర్ మీద అడవి సెట్ వేసేసి పని కానిచ్చే రోజులవి. వీళ్లు మాత్రం యూనిట్ మొత్తాన్నీ చింతపల్లి అడవులకి తీసుకొచ్చారు. నటులు, టెక్నీషియన్లు, వంటవాళ్లు, కెమెరాలు, లైట్లు, జనరేటర్. వందలమందికి తిండి, పడక. ఇప్పటికీ డిసెంబర్, జనవరిల్లో లంబసింగిలో టెంపరేచర్ సున్నా దగ్గరికి వస్తే మనం టెంట్ బుక్ చేసుకుని స్టోరీ పెడతాం. యాభై ఏళ్ల కిందట హోటళ్లు లేని చోట, పలచటి కాస్ట్యూములతో వాళ్లు పనిచేశారు.

ఇంకో తంటా కూడా ఉంది. ఇప్పుడైతే షాట్ అయిన మరుక్షణం మానిటర్‌లో చూసుకుంటాం. అప్పుడు నెగటివ్ మద్రాసు ల్యాబ్‌కి వెళ్లి కడిగొస్తే గానీ ఏం తీశారో తెలియదు. ఫోకస్ పోయిందనుకోండి, ఆ సంగతి మీకు తెలిసేసరికి రోజులు గడిచిపోతాయి. అలవాటు లేని కొత్త లెన్స్, అలవాటు లేని వెలుతురు, గంటగంటకీ కమ్మే మంచు. అక్కడ ఖర్చయ్యే ప్రతి అడుగు ఫిల్ముకీ నిర్మాత గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో!

చింతపల్లి ఎక్కే దారి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్లే ఘాట్ రోడ్డుకీ అల్లూరి కథకీ నేరుగా లింకుంది. ఈ దారి పనులకు బ్రిటిష్ వాళ్ల కాలంలో గిరిజనులతో బలవంతంగా, అతి తక్కువ కూలికి పనిచేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ మీద మన్యంలో పుట్టిన కసికి ఆ రోడ్డు పని ముఖ్య కారణాల్లో ఒకటి. పోడు చేసుకోనివ్వని అటవీ చట్టాలు దానికి తోడయ్యాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... వరసగా మూడు రోజులు మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. చెప్పి మరీ వెళ్లారంటారు. నేను బైక్ మీద ఆ ఘాటు ఎక్కిన ప్రతిసారీ మలుపులు లెక్కపెడుతూ ఉంటాను గానీ, మనసులో మాత్రం ఆ రాళ్లు మోసినవాళ్లే తిరుగుతుంటారు. సినిమా వాళ్ల లారీలు కూడా ఆ కొండ ఎక్కే వచ్చాయి.

షూటింగ్ నడుస్తుండగానే పెద్ద దెబ్బ తగిలింది. డైరెక్టర్ రామచంద్రరావు ఆరోగ్యం పాడైంది. సినిమా పూర్తి కాకుండానే, 1974లో ఆయన కన్నుమూశారు.

నిర్మాత అన్నవాడికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. డబ్బు సగానికి పైగా ఖర్చయిపోయింది, కెప్టెన్ లేడు. వేరే పెద్ద దర్శకుడిని పిలిస్తే తన పేరు వేసుకుంటాడు, తన పద్ధతిలో మారుస్తాడు. ఆపేస్తే ఇల్లు మునుగుతుంది. కృష్ణ మిగతా భాగం తనే తీశారు. పోరాట దృశ్యాలకు కె.ఎస్.ఆర్.దాస్ సాయం పట్టారు. టైటిల్స్‌లో మాత్రం దర్శకుడు వి.రామచంద్రరావు అనే వేశారు, తన పేరు వేసుకోలేదు. దర్శకుడిగా కృష్ణ పేరు తెర మీద కనిపించడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. క్రెడిట్ కోసం సోషల్ మీడియాలో కొట్టుకునే ఈ కాలంలో నాకు ఆ ఒక్క టైటిల్ కార్డు చాలా పెద్దగా కనిపిస్తుంది.

1974 మే 1న సినిమా రిలీజైంది. తర్వాతి సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, నాకంటే బాగా చెబుతారు. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య, అగ్గిరాజుగా బాలయ్య, సీతగా విజయనిర్మల. ఆదినారాయణరావు సంగీతం. శ్రీశ్రీ రాసిన ‘తెలుగువీర లేవరా’ పాటకు జాతీయ ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. తెలుగు పాటకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఇప్పటికీ ఆగస్టు 15న మా ఊరి స్కూల్లో మైకు పెడితే మోగే పాటల్లో అది తప్పకుండా ఉంటుంది.

హిట్ కొట్టిన దెబ్బ

సినిమా అంత పెద్ద విజయం సాధించింది కదా, ఇక కృష్ణకి తిరుగులేదనుకుంటాం. జరిగింది రివర్స్. విజయా సంస్థ చక్రపాణి ఈ సినిమా చూసి, దీని తర్వాత నీ సినిమాలు కొంతకాలం ఆడవయ్యా అన్నారని కృష్ణ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. అదే జరిగింది. వరసగా పదికి పైగా సినిమాలు పోయాయి. అల్లూరిగా చూసిన కళ్లతో ఆయన్ని మామూలు ప్యాంటూ చొక్కాలో చూడలేకపోయారు జనం. అదే ఏడాది చివర్లో విజయనిర్మల దర్శకత్వంలో చేసిన ‘దేవదాసు’ కూడా పాత దేవదాసు ముందు నిలబడలేదు.

హీరోకి ఫ్లాపులొస్తే బయటి నిర్మాతలు మెల్లగా ఫోన్లు ఎత్తడం మానేస్తారు. ఇది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అలాంటప్పుడు సొంత బ్యానర్ ఉండటం ఎంత అవసరమో ఇక్కడ తెలిసింది. పి.చంద్రశేఖరరెడ్డి దర్శకత్వంలో, రైతు కథతో ‘పాడిపంటలు’ తీశారు. 1976 సంక్రాంతికి వచ్చింది. నిలబెట్టింది.

ఎన్టీఆర్ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. తను అనుకున్న కథను కృష్ణ తీయడం ఆయనకు నచ్చలేదు, కొన్నేళ్లు ఇద్దరి మధ్యా దూరం ఉండిపోయింది. తర్వాత తను కూడా అల్లూరి తీద్దామని పరుచూరి సోదరులతో మాట్లాడితే, ముందు కృష్ణ సినిమా చూడమన్నారట. చూశారు. ఇక మళ్లీ తీయనక్కర్లేదని ఆ ఆలోచన మానుకున్నారట. కృష్ణకి ఏ అవార్డు వచ్చినా దీనికి సాటి రాదని నా లెక్క.

పద్మాలయా తర్వాత హిందీకి వెళ్లింది. జితేంద్ర, శ్రీదేవిల ‘హిమ్మత్‌వాలా’ 1983లో వాళ్లు తీసిందే. అదే దశలో హైదరాబాద్‌లో సొంత స్టూడియో కట్టుకున్నారు. అందులో 1986లో ‘సింహాసనం’ తీశారు. తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం. దర్శకుడిగా మొదటిసారి పేరు వేసుకున్నది ఇక్కడే. ఒకేసారి హిందీలో జితేంద్రతో ‘సింఘాసన్’గా కూడా తీసేశారు. ఇవాళ పాన్ ఇండియా అని మనం పోస్టర్ల మీద వేసుకుంటున్న పని అప్పుడే చేశారు, పేరు పెట్టలేదంతే.

ఇంకో సంగతి, ఆయన సినిమా పోయి నిర్మాత నష్టపోతే, పిలిచి ఇంకో సినిమాకి డేట్లు ఇచ్చి నిలబెట్టేవారని ఇండస్ట్రీలో గట్టిగా చెప్పుకుంటారు. నష్టం ఎలా ఉంటుందో సొంత బ్యానర్‌లో రుచి చూసినవాడు కాబట్టి అలా చేయగలిగారని నేననుకుంటాను. కృష్ణ 2022 నవంబర్ 15న కన్నుమూశారు. అల్లూరి పేరుతో జిల్లా వచ్చిన ఏడాదే అది. ‘ఆర్ఆర్ఆర్’ క్లైమాక్స్‌లో రామ్‌చరణ్ విల్లు పట్టుకున్నప్పుడు హాల్లో మనం అరిచింది కూడా ఆ ఏడాదే.

ఇంత పొగిడాక ఒక అసంతృప్తి కూడా దాచుకోను. ఆ సినిమా ఈమధ్య మళ్లీ చూశాను, ఈసారి మన్యం వాళ్ల కోసం. కొండలు అద్భుతంగా ఉన్నాయి. కొండల్లో మనుషులు మాత్రం చాలా చోట్ల రాజు వెనక నడిచే గుంపులాగే కనిపిస్తారు. ముఠాదార్లు, పోడు, రోడ్డు కూలి... అసలు వాళ్లు ఎందుకు తిరగబడ్డారన్నది రాజు ఎందుకు తిరగబడ్డాడన్నంత బలంగా రాలేదు. 1974లో స్టార్ నూరో సినిమా నుంచి అంత ఆశించడం అత్యాశేనేమో. కానీ యాభై ఏళ్లయినా మనం ఇంకా అదే కెమెరా కోణంలో ఉన్నాం. అరకులో, పాడేరులో షూటింగుల వ్యాన్లు ఆగని సీజన్ లేదు. వచ్చేది పాట కోసం, పొగమంచు కోసం, ధింసా డాన్సు ఒక్క బిట్ కోసం. డైలాగు ఉన్న పాత్ర మాత్రం కింద నుంచి వచ్చినవాళ్లదే.

గాం మల్లుదొర పేరు మీరు విన్నారా? గంటందొర తమ్ముడు. అల్లూరితో కలిసి పోరాడి, పట్టుబడి, ఏళ్ల తరబడి జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చారు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి ఢిల్లీ వెళ్లారు. బ్రిటిష్ పోలీసుల మీద తిరగబడిన మన్యం మనిషి, పార్లమెంటులో కుర్చీ! ఇంటర్వెల్ బ్యాంగ్ ఎక్కడ పడాలో కూడా నాకు కనిపిస్తోంది. ఇందులోనూ హీరోకి పార్కులో డ్యూయెట్లు లేవు, అడ్వాన్సులిచ్చే డిస్ట్రిబ్యూటర్ దొరకడమూ కష్టమే. లంబసింగి ఘాటు మాత్రం అక్కడే ఉంది, చలీ అలాగే ఉంది, సినిమాస్కోప్ లెన్స్ అద్దెకి తెచ్చుకోనక్కర్లేదు, ఫోన్ చాలు. మన జిల్లా కుర్రాళ్లు షార్ట్‌ఫిల్మ్ తీస్తామని కథలు అడుగుతూ నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. ఈమధ్య అందరికీ ఈ పేరే పంపుతున్నాను.